అటవీ శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ: వరంగల్ జూకి ఈ పులులు చాలు, ఇగ మన అడవి జీవాలను చూపెట్టండి

గౌరవనీయులైన తెలంగాణ అటవీ, పర్యావరణ శాఖ మంత్రిగారికి నమస్కారం.

నేను కాజీపేటల ఉంటా. పగలు ఎలక్ట్రికల్ సామాన్ల షాపు నడిపిస్తా, మిగతా టైంల ఎవరింట్లనన్న పాము దూరిందని ఫోనొస్తే పోయి పట్టి, ఫారెస్టోళ్ళకు చెప్పి ఊరి బయట వదిలేస్తా. దీనికి జీతం లేదు, ఇంట్ల తిట్లు మాత్రం ఉంటయి. ఈ పనిల తిరుగుతుంటె మన హంటర్ రోడ్ జూ గురించి నాకు కొన్ని ఆలోచనలొచ్చినయి, అవి మీ ముందట పెడ్దామని రాస్తున్న. కొంచెం పొడుగైతది, ఏమనుకోకండి.

హైదరాబాద్ దాటినంక ఈ దిక్కుల జూ అనిపించుకునేది మన కాకతీయ జూ ఒక్కటే. కరీంనగర్‌ల డ్యాం కాడ డీర్ పార్క్ ఉంది గని అది జింకల మందమే. వనవిజ్ఞాన కేంద్రం అని మొదలైన ఈ జాగకు 2025ల పులులొచ్చినయి, ఊరంతా సంబరపడ్డది, మా పిల్లలు కూడా పట్టుబట్టి నన్ను గుంజుకపోయిన్రు, చూసినం, బాగనే ఉన్నయి. గని ఇప్పుడు ఏ ఛాయ్ హోటల్ల కూసున్నా సింహం ఎప్పుడొస్తది, తెల్లపులి ఎప్పుడొస్తది, జిరాఫీ తేరా అనే ముచ్చటే. నా మొదటి విన్నపం ఏందంటే ఈ లిస్టును ఇక్కడ్నే ఆపండి. హైదరాబాద్ నెహ్రూ జూకు 380 ఎకరాలున్నయి, మనకు సుమారు 50. గంత జాగల పెద్ద జంతువులను ఇంకిన్ని ఇరికిస్తె ఏ ఒక్కదానికీ కాళ్ళు చాపుకునే జాగ మిగల్దు. తెల్లపులి సంగతైతే ఇంకా విచిత్రం. అదేదో వేరే జాతి అనుకుంటరు జనం. జూలల్ల కనబడే తెల్లపులులు దాదాపు అన్నీ 1951ల రీవా అడవుల్ల దొరికిన ఒక్క మగపిల్ల వంశమే, దగ్గరి చుట్టరికంలనే మళ్ళీ మళ్ళీ కలిపి పుట్టించినయి, దాంతోటి అడవికి ఒరిగేదేం లేదు. ఇగ మామూలు పులంటరా, 2024 డిసెంబర్‌ల నల్లబెల్లి, నర్సంపేట దిక్కు అదే నడుసుకుంట వచ్చింది, పత్తి ఏరనీకి పోవాల్నంటే జనం వణికిన్రు. మనకు పులి కొరత లేదు మంత్రిగారూ, పులి కాకుండ మిగతాయి ఏమున్నయో తెలువకపోవుడే కొరత.

మేడారం జాతరకు లక్షల మంది ఏటూరునాగారం అభయారణ్యం మీదికెళ్ళే పోతరు. 1953 నాటి అభయారణ్యం అది. అందుల అలుగు ఎట్లుంటది, దుమ్ములగొండికి, రేసుకుక్కకు తేడా ఏంది, కొండగొర్రెకు కొమ్ములెన్ని అని అడుగుండ్రి, జవాబు చెప్పేటోళ్ళు పదిమంది దొరకరు. (నాలుగు కొమ్ములు. మగదానికి.) మా బంధువుల పోరడు ఆఫ్రికా జంతువుల పేర్లు గడగడ చెప్తడు, టీవీ పుణ్యమా అని. ఇంటి ముందట గోడ మీద కూసున్న ఉడుమును చూసి మొసలి పిల్లొచ్చిందని నాకు ఫోన్ చేసిండు.

ఇది నవ్వుకునే ముచ్చటే గని పాముల కాడికొస్తే నవ్వుకునేది కాదు. నాకొచ్చే ఫోన్లల్ల ఎక్కువ శాతం జెర్రిపోతులే, ఎలుకల కోసం వస్తయి, విషం లేదు, అయినా నేను పోయేలోపల కట్టెలతోటి కొట్టి సంపి పెడ్తరు. అదే వాడకట్టుల రక్తపింజరను కొండచిలువ పిల్ల అనుకుని ప్లాస్టిక్ డబ్బాల వేసి పిల్లలకు చూపెట్టినోళ్ళను నా కండ్లతోటి చూసిన. ఆ డబ్బాకు మూత సుత సరిగ్గ పట్టలేదు, పైన ఒక పీట పెట్టిన్రు, లోపల అది కుక్కర్ విజిల్ లెక్క బుస కొడ్తుంది, చుట్టు ఐదారుగురు పిల్లలు. రెండింటికీ ఒంటి మీద మచ్చలుంటయి, నిజమే, గని పింజరవి గొలుసు లెక్క వరుసగ ఉంటయి, చిలువవి ఒక ఆకారం లేకుండ అతుకులేసినట్టు ఉంటయి. పక్కపక్కన పెట్టి ఒక్కసారి చూపెడ్తే జీవితంల మరువరు. అట్లనే కట్లపాము. వానాకాలం రాత్రిళ్ళు కింద పండుకున్నోళ్ళను కరుస్తది, నొప్పి ఉండదు, గాటు కూడా సరిగ్గ కనబడదు, తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలుతయి, మందులోళ్ళ దగ్గరికి పోయి టైం పోగొట్టుకుని చివరికి వరంగల్ ఎంజీఎం దవాఖానకు ఉరుకుతరు. దేశంల పాముకాటుకు ఏటా సగటున 58 వేల మంది పోతున్నరని 2020ల వచ్చిన అధ్యయనం చెప్పింది, అందుల ఎక్కువ మంది మనలాంటి రాష్ట్రాల పల్లెటూరోళ్ళే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటిని, వాటి లెక్కనే కనబడే విషం లేని పాములను అద్దాల వెనక జోడీలుగ పెట్టి, కింద పెద్దక్షరాల తెలుగుల రాసి, కరిస్తే ఏం చేయాలె ఏం చేయొద్దు అని చెప్పే ఒక్క హాలు కట్టండి. పులుల ఎన్‌క్లోజర్‌కు అయ్యే ఖర్చుల అది చిన్న పనే, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ నుంచి వచ్చే ప్రతి స్కూలు బస్సుకు పనికొస్తది.

రెండో సంగతి, పట్టుబడ్డ జీవాలు. రెండు తలకాయల పాము ఇంట్ల ఉంటే కోట్లొస్తయని నమ్మి అమ్మేటోడు కొనేటోడు ఇద్దరూ జైలుకు పోతున్నరు. (దానికి తల ఒక్కటే, తోక మొద్దుగ ఉంటది.) నక్షత్ర తాబేలు ఇంట్ల ఉంటే అదృష్టమంట. దీపావళి అమావాస్యకు గుడ్లగూబలు, నాటుమందులకు ఉడుములు, పంజరాల్ల రామచిలుకలు. అవన్నీ పట్టుకున్నంక ఎక్కడ పెట్టాలె? కొన్నిటిని వెంటనే వదిలేయొచ్చు, కొన్నిటికి రెక్కలు కత్తిరించి ఉంటయి, కొన్ని అసలు ఏ అడవివో కూడా తెల్వదు. వడ్డేపల్లి దిక్కు ఒక లేఅవుట్‌ల జేసీబీ బకెట్ తగిలి తోక మొదట్ల చీలిన ఉడుమును గోనెసంచిల వేసుకుని, ఆదివారం మధ్యాహ్నం కుట్లు వేసే డాక్టర్ కోసం బైకు మీద తిరిగిన. బర్రెలకు చూసే డాక్టర్లు మంచోళ్ళే గని ఉడుముకు మత్తు ఎంత ఇయ్యాల్నో వాళ్ళకెట్ల తెలుస్తది. సంక్రాంతి అయినంక చైనా మాంజా కోసిన గుడ్లగూబలది ఇదే కథ. సిటీల చిన్న జూ ఉండుడుకు నాకు తెలిసిన గట్టి కారణం ఇదే: ముందు దవాఖాన, తర్వాత ప్రదర్శన. మళ్ళీ అడవికి పోలేనిది ఏదైతే ఉందో దాన్నే జనానికి చూపెట్టండి, ఎందుకు పోలేదో బోర్డు మీద రాయండి. పంజరంల తిప్పే పాలపిట్ట దసరా రోజు ఎట్ల అల్లాడుతదో, రెక్కలు విరిగిన ఒక్క పాలపిట్టను చూపెట్టి చెప్పిండ్రనుకోండి, వచ్చే దసరాకు పది రూపాయలిచ్చి చూసేటోళ్ళు కొందరన్న తగ్గుతరు. మన రాష్ట్ర పక్షికి మనం చేసే మర్యాద ఇప్పుడు గట్లనే ఉంది మరి.

లోకల్ జంతువులైతే జనం రారు, టికెట్లు అమ్ముడుపోవు అని మీ అధికారులు అనొచ్చు. డార్జిలింగ్‌ల పద్మజా నాయుడు పేరు మీద ఒక జూ ఉంది, సరోజినీ నాయుడు గారి బిడ్డ, మన హైదరాబాద్‌ల పుట్టినామె. 1958 నుంచి నడుస్తున్న ఆ జూ పేరు సంపాదించింది హిమాలయాల జీవాలతోనే, ఎర్రపాండా, మంచు చిరుత అట్లాంటివి. అక్కడ పుట్టిన ఎర్రపాండాలను అడవిల కూడా వదిలిన్రు. అంత దూరం ఎందుకు, జరిణిపంది సంగతే తీస్కోండి, కుందేలంత ఉండే జింక లాంటి జీవి, హైదరాబాద్‌ల ఉన్న సీసీఎంబీ పరిశోధన సంస్థ వాళ్ళు, నెహ్రూ జూ వాళ్ళు కలిసి దాన్ని పెంచి, 2017 నుంచి అమ్రాబాద్ అడవుల్ల వదిలిన్రు. సైంటిస్టులు, జూ, అడవి మూడు కలిస్తే అయిన పని అది. మనకు కాకతీయ యూనివర్సిటీ జువాలజీ డిపార్ట్‌మెంట్ పక్కనే ఉంది, ఆ పిల్లలకు ప్రాజెక్టులు కావాలె, జూకు లెక్కలు రాసేటోళ్ళు కావాలె, ఇద్దరినీ కలపనీకి మీ సంతకం ఒక్కటి చాలు.

ఇగ నష్టాలు కూడా చెప్పాలె, లేకుంటె వీడు జూ కాంట్రాక్టర్ మనిషేమో అనుకుంటరు.

మన అడవిదైనంత మాత్రాన దానికి పంజరం ఇల్లు అయిపోదు. ఎలుగుబంటి రాత్రంతా తిరిగే జీవి, చెదల పుట్టలు తవ్వుకుంట, ఇప్పపూలు ఏరుకుంట పోతది. దాన్ని సిమెంట్ గచ్చు మీద పెట్టి టైంకు రొట్టె పడేస్తే ఒకే జాగల తల ఊపుకుంట నిలబడ్తది, పిల్లలేమో డాన్స్ చేస్తుందని చప్పట్లు కొడ్తరు. తవ్వనీకి మట్టి, ఎక్కనీకి చెట్టు, జనం కండ్ల నుంచి తప్పించుకోనీకి ఒక మూల ఇయ్యలేని జాగల ఎలుగును పెట్టకపోవుడే మంచిది. చిన్న జూ చిన్న జీవాలనే మంచిగ చూసుకుంటది అనేది నా లెక్క: పాములు, తాబేళ్ళు, ఉడుములు, గుడ్లగూబలు, పునుగుపిల్లి, ముంగిస. రాత్రి తిరిగేటివి చాలా ఉన్నయి కాబట్టి నెలకోసారన్న సాయంత్రం చీకటి పడ్డంక, తక్కువ మందిని, ఎర్ర లైట్లల్ల తిప్పండి.

సంతానం ఇంకో సమస్య. జింకలను కలిపి వదిలేస్తే ఏడాదేడాదికి మంద పెరుగుతది, మనిషి చేతి గడ్డికి మరిగిన జింకకు చిరుతంటే భయం ఉండదు, అడవిల వదిలితే ఎన్ని బతుకుతయో చెప్పలేం. చెన్నై దగ్గర మొసళ్ళ బ్యాంక్ 1976ల మొసళ్ళను కాపాడనీకే పెట్టిన్రు, మంచి పనే చేసిన్రు, గని పుట్టినయన్నీ వదలనీకి నదుల్ల జాగ లేక చివరికి వెయ్యి దాకా మొసళ్ళను గుజరాత్‌కు పంపుకోవాల్సొచ్చింది. మనకు గోదావరి మీద శివ్వారం మొసళ్ళ అభయారణ్యం ఉంది కదా, పెంచి వదుల్దాం అని ఎవరన్న ఫైల్ పెడ్తే ముందు ఈ సంగతి గుర్తు చేయండి. వదలనీకి జాగ చూసుకున్నంకనే పెంచాలె, లేకుంటె ఆడ మగ వేరు చేసి పెట్టాలె.

నాకు అన్నిటికన్న భయం ఏందంటే జూ ఉంది కదా అని ఊరి దగ్గరికొచ్చిన ప్రతి చిరుతను బోనేసి పట్టుకొచ్చి ఇక్కడ పడేసుడు మొదలైతది. ఊరోళ్ళు ఒత్తిడి చేస్తరు, లీడర్లు ఫోన్ చేస్తరు, ఫారెస్ట్ రేంజర్ ఏం చేస్తడు పాపం. మనిషి మీద పడంది, దెబ్బ తగలంది పట్టుకొచ్చి జూల పెట్టొద్దని రాతపూర్వకంగ రూల్ ఉండాలె.

హంటర్ రోడ్ సంగతి మీకు చెప్పాల్నా, 2023 జులైల ఆ దిక్కు కాలనీలు ఎట్ల మునిగినయో రాష్ట్రమంతా టీవీల చూసింది. మనుషులను పడవలల్ల తీసిన్రు, బోన్లల్ల ఉన్నయి ఎక్కడికి పోతయి? కొత్తగ ఏం కట్టినా ఎత్తు మీద కట్టాలె, వరదొస్తే ఏ జంతువును ఎవరు ఎటు తరలిస్తరో ముందే కాయితం మీద ఉండాలె. మేల 45 డిగ్రీల ఎండకు కూడా అంతే.

జూలే వద్దు, అడవికే తీస్కపోయి చూపెట్టాలె అనే మిత్రులు కూడా నాకున్నరు, వాళ్ళ మాటల న్యాయం ఉంది. గని ఏటూరునాగారం ఇక్కడికి వంద కిలోమీటర్లు, బండి, తిండి, సఫారీ అన్ని కలిపితే కూలి చేసుకునే ఇల్లు భరించలేదు, అంత పోయినా జింక తోక కనబడితే గొప్ప. ఆ ఇంటి పిల్లకు సిటీ ఆటోల పోయి చూసొచ్చేది ఒకటి ఉండాలె. అక్కడ చెప్పేటోళ్ళుగ ములుగు దిక్కు కోయ పిల్లలకు ఉద్యోగాలియ్యండి, అడుగు చూసి జంతువును చెప్పే పెద్దమనుషులు ఆ గూడేలల్ల ఇంకా ఉన్నరు. బెజ్జూరు అడవుల్ల పాలరాపు గుట్ట మీద 2013ల రాబందులు బయటపడ్డయి. పశువులకు ఇచ్చే డైక్లోఫెనాక్ మందుతోటి అవెట్ల సచ్చినయో, 2006ల ఆ మందును ఎందుకు బంద్ చేసిన్రో మన రైతుకు ఎవరు చెప్పిన్రు? రాబందును బోన్ల పెట్టనక్కర్లేదు, ఒక గోడ, మంచి ఫొటోలు, చెప్పే మనిషి ఉంటే చాలు.

అన్నీ ఒక్కసారి కావని తెలుసు. ఈ వానాకాలం మొదలయ్యేలోపల ఒక వెటర్నరీ డాక్టర్, నాలుగు గదుల షెడ్డు, రాత్రి కూడా ఎత్తే ఒక ఫోన్ నంబర్, ఈ మూడు జూ గేటు కాడ ఏర్పాటు చేయించండి. పాముల హాలు డిజైన్ గీసేటప్పుడు పిలుస్తే నా లెక్క పని చేసేటోళ్ళం వరంగల్, హన్మకొండ, కాజీపేట మూడు నగరాల్ల చాలామందిమి ఉన్నం, పైసలడగం, షాపు మూసి వస్తం.

ఇట్లు,
కాజీపేట నుంచి ఒక పాములు పట్టేటోడు