మేజిక్ చేసే బుజ్జికి అమ్మ ఉత్తరం

విజయనగరం,
ఆదివారం

బుజ్జీ,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. మీ నాన్నగారి మోకాలు మాత్రం అలాగే ఉంది. మెట్లెక్కొద్దని డాక్టరు చెప్పినా వినరు. పొద్దున్నే మేడెక్కి ఆ పాత మేజిక్ పెట్టెలన్నీ ఎండలో పెడతారు, చెద పట్టకుండా కిరసనాయిలు రాస్తారు, సాయంత్రం మళ్ళీ లోపల సర్దుతారు. ఎవరి కోసమండీ అంటే మాట్లాడరు.

నువ్వు ఫోనెత్తి చాలా రోజులైంది. "షోలో ఉన్నా, మళ్ళీ చేస్తా" అని మెసేజ్ వస్తుంది, ఫోను మాత్రం రాదు. పెళ్ళిళ్ళ సీజను, తీరిక ఉండదని నాకు తెలుసులే. అందుకే ఉత్తరం రాస్తున్నాను. కంగారుపడకు, విశేషమేమీ లేదు, ఊరికే.

నీ నీలం బ్లేజరు పని అయిపోయింది. లైనింగు మొత్తం విప్పేసి నల్ల వెల్వెట్టు వేశాను. శాటిన్ అయితే లైటు పడగానే మెరుస్తుంది, దొంగజేబు మూతి ఇట్టే తెలిసిపోతుంది. మూతి చుట్టూ సన్నటి వైరు పెట్టి కుట్టాను, ఎప్పుడూ కొంచెం తెరుచుకునే ఉంటుంది. స్పాంజి బంతి వదిలితే చెయ్యి ఆగక్కర్లేదు. అసలు ఈ మేజిక్ పుస్తకాలన్నీ మగవాళ్ళ కోటు కోసం రాసినవే. పైజేబులో రుమాలు, పక్కజేబులో పేక అంటారు. చీరకీ జాకెట్టుకీ జేబులెక్కడివి? ఒకసారి ఇదే మాట మీ నాన్నగారిని అడిగితే "అందుకే ఆడవాళ్ళని పెట్టెలో పెడతాం" అని నవ్వారు. ఆ పూట ఆయన అన్నం ఆయనే వడ్డించుకున్నారు.

మొన్న సుబ్బులత్తయ్య ఇంట్లో వ్రతానికి వెళ్ళాం. పులిహోరలో ఉప్పు లేదు, ఎవరూ చెప్పలేదు. రాజాం వాళ్ళు కూడా వచ్చారు. వాళ్ళ పెద్దకోడలు హైదరాబాదులోనే కదా, నిన్నెవరిదో షష్టిపూర్తిలో చూసిందట. "మీ అమ్మాయికి ఏదో శక్తి ఉందండీ" అంది. అందరి ముందూ నవ్వేసి ఊరుకున్నాను. ఆ సంగతి తర్వాత.

నీ దగ్గు తగ్గిందా? ఏసీ హాల్లో టేబుల్ టేబుల్‌కీ తిరిగి గంటలకొద్దీ మాట్లాడితే గొంతు ఉండదు. మిరియాల పాలు తాగమంటే నీకు నవ్వులాట. చేతులు కూడా చూసుకో. పోయిన పండక్కి వచ్చినప్పుడు చూశాను, వేళ్ళ చివర్లు పొడిబారి ఉన్నాయి. అరచేతిలో కొంచెం తేమ లేకపోతే పేకముక్క నిలవదు, మరీ చెమటపడితే అంటుకుపోతుంది, ఇదంతా నీకు తెలిసిందే. రాత్రి పడుకునేటప్పుడు కొబ్బరినూనె రాసుకో. షోకి ముందు మాత్రం రాయకు.

స్టేజీ మేజిక్కుకి ఈ బాధ లేదు. అక్కడ జనం దూరంగా ఉంటారు, మన వెనక నల్ల తెర ఉంటుంది. నువ్వు చేసేది మనిషికి మూరెడు దూరంలో. ఎడమపక్క ఒక పిల్లాడు, భుజం మీదుగా వెనకనించి ఒక తాతగారు, ఎదురుగా సెల్‌ఫోన్లో వీడియో తీసేవాడు. వీళ్ళందరి చూపునీ నీ కళ్ళతో నడిపించాలి. ఎదుటివాళ్ళు చేతిని చూడకూడదంటే ముందు నువ్వు చేతిని చూడకూడదు. ఈ విషయంలో నువ్వు మీ నాన్నగారిని మించిపోయావు. ఆయన ముందు ఒప్పుకోను, నీకు చెప్తున్నాను.

నాకు తెలిసింది పెట్టె. ఊపిరి ఎప్పుడు తియ్యాలి, మోకాళ్ళు ఎటు మడవాలి, రంపం చప్పుడు మొదలయ్యే లోపల నడుము ఎంత పక్కకి జరపాలి, ఇదీ నా చదువు. షో ఉన్న రోజు మధ్యాహ్నం మజ్జిగ తప్ప ఏమీ తాగేదాన్ని కాదు. మనిషిని రంపంతో కోసే ఆటని సెల్బిట్ అనే ఆయన 1921లో లండన్‌లో మొదటిసారి జనానికి చూపించాడట. అప్పుడు పెట్టెలో పడుకున్న అమ్మాయి బెట్టీ బార్కర్. 1956లో మన పి.సి. సర్కార్ బీబీసీ టీవీలో చేసిన సంగతి మీ నాన్నగారు నీకు నిద్రపుచ్చే కథలా చెప్పేవారు కదా. గుండ్రటి కరెంటు రంపంతో కోయడం అయింది, అమ్మాయిని లేపబోతే లేవలేదు, సర్కార్ ఆమె మొహం మీద గుడ్డ కప్పాడు, ప్రోగ్రాం టైము అయిపోయిందని అంతటితో ఆపేశారు. నిజంగా చచ్చిపోయిందనుకుని జనం ఫోన్ల మీద ఫోన్లు చేశారు. మర్నాడు సర్కార్ పేరు పేపర్లలో మోగిపోయింది. పెట్టెలో ఉన్న దీప్తీ డే పేరు ఎంతమందికి గుర్తుంది? సరే, నా గొడవ అది కాదు. ఆ అమ్మాయి బాగానే ఉందని తర్వాత అందరికీ తెలిసింది. అందుకే అది ఆట అయింది. పెట్టెలో మనిషి లేచి నిలబడాలి, చూసినవాళ్ళు తేలికపడి ఇంటికెళ్ళాలి.

నువ్వు షో చేసిన ఆ షష్టిపూర్తికి వచ్చిన ఒక పెద్దావిడ తేలికపడి వెళ్ళలేదట, బుజ్జీ.

రాజాం కోడలు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, తప్పయితే తప్పని చెప్పు. ఆవిడ కాగితం మీద పేరు రాసి మడిచి ఇచ్చిందట. నువ్వు చింపి కాల్చేసి, బూడిద అరచేతికి రాసుకుని, పోయిన వాళ్ళాయన పేరు చెప్పావట. అంతవరకు నాకేం బాధ లేదు. ఆ చింపడం మన వరండాలో కూచుని కరెంటు బిల్లుల మీద ఎన్నాళ్ళు సాధన చేశావో నాకు తెలుసు. తర్వాత ఆవిడ చెయ్యి పట్టుకుని "ఆయనకి మీ మీద కోపం లేదు" అన్నావట. ఆవిడ అక్కడే ఏడ్చేసిందట. ఇప్పుడు వాళ్ళ బంధువులు నీ అపాయింట్‌మెంట్ కోసం ఆ కోడలికి ఫోన్లు చేస్తున్నారట.

ఇన్ని "అట"లు ఉన్నాయి కాబట్టి నేను నమ్మడం లేదు. నలుగురు కలిసిన చోట మాట పెరుగుతుంది.

రోజూ ఏం తింటున్నావు? ఫంక్షన్లలో రాత్రి పదకొండింటికి పెట్టే బిర్యానీ తిని పడుకుంటున్నావని ఉమ చెప్పింది. కడుపులో నొప్పి వస్తే మాత్రం ఆ రోజు షో మానెయ్యి, అడ్వాన్సు పోతే పోయింది. గొలుసులతో కట్టేసినా విప్పుకుని బయటపడే మెజీషియన్ హుడీనీ అంతటివాడు నొప్పిని లెక్కచెయ్యక 1926 అక్టోబరులో డెట్రాయిట్‌లో 104 డిగ్రీల జ్వరంతో స్టేజీ ఎక్కాడు. లోపల అపెండిక్స్ పగిలి ఉంది. ఆ నెల 31న పోయాడు. గొలుసులూ నీళ్ళ పెట్టెలూ ఏమీ చెయ్యలేనివాణ్ణి కడుపునొప్పి తీసుకుపోయింది.

హుడీనీ అంటే గుర్తొచ్చింది. అతనికి తల్లంటే ప్రాణం. 1913లో ఆవిడ పోయేనాటికి అతను ఐరోపాలో ఉన్నాడు. ఆ రోజుల్లో ఇప్పటిలా ఫోన్లు లేవు, ఉంటే తప్పకుండా ఎత్తేవాడని నా నమ్మకం. ఆ తర్వాత తొమ్మిదేళ్ళకి, షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన కానన్ డాయల్ గారి భార్య, "మీ అమ్మ ఆత్మని పిలుస్తాను" అని హుడీనీని కూచోబెట్టి పేజీలకి పేజీలు రాసిచ్చింది. పైన శిలువ గుర్తు, కింద అంతా ఇంగ్లీషు. ఆ తల్లి యూదుల పురోహితుడి భార్య, ఇంగ్లీషులో అంత రాయగలిగిన మనిషి కాదు. స్నేహితులైన హుడీనీ, డాయల్ ఆ తర్వాత విడిపోయారు. డాయల్ గారి భార్య మోసగత్తె అని నేననను, ఆవిడ నమ్మే రాసి ఉంటుంది. కానీ కొడుకు ఎంత ఆశగా అక్కడ కూచుని ఉంటాడో చూడు. ఆశపడేవాళ్ళ ముందు మాట ఎంత జాగ్రత్తగా వాడాలి!

మీ నాన్నగారు కవర్ల ఐటెం ఎందుకు మానేశారో నీకెప్పుడూ చెప్పలేదనుకుంటాను. నువ్వు పుట్టకముందు సంగతి. బొబ్బిలి అవతల ఒక ఊళ్ళో స్కూలు వార్షికోత్సవానికి పిలిచారు. కరెంటు పోయింది, పెట్రోమాక్స్ లైట్ల కింద షో. రింగులు, తరగని చెంబు, నా పెట్టె, అన్నీ అయ్యాక చివర్లో కవర్లు. జనం తలో ప్రశ్నా రాసి అంటించి ఇచ్చారు. ఈయన ఒక్కో కవరూ నుదుటికి ఆనించి లోపల ఏముందో చెప్పడం, చించి చూసుకుని "అవునా కాదా" అనడం, అక్కడెవరో లేచి "అవును బాబూ" అనడం. మా అమ్మాయికి సంబంధం ఎప్పుడు కుదురుతుంది, మా ఎద్దు దొరుకుతుందా, అలాంటివి. ఊరు ఊరంతా నోరు తెరుచుకుని చూసింది.

రాత్రి ఊరిపెద్ద ఇంట్లో భోజనం. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి వాకిలి నిండా జనం. వాళ్ళింట్లో కాసులపేరు పోయిందట, సంక్రాంతి నుంచి కనపడడం లేదట. అంట్లు తోమే పిల్లని తెచ్చి స్తంభం పక్కన నిలబెట్టారు. పద్నాలుగేళ్ళు ఉంటాయేమో, జాకెట్టు చేతులు చిరిగి ఉన్నాయి. "ఇంట్లోవాళ్ళ పేర్లన్నీ కవర్లలో పెట్టి ఇస్తాం, ఎవరు తీశారో చెప్పండి" అన్నాడు పెద్దాయన.

ఈయన నవ్వారు. "ఇది ఆటండీ, నాకేం తెలీదు" అన్నారు. "గొప్పవాళ్ళు అలాగే అంటారు" అన్నారు వాళ్ళు. ఈయన కాదన్నకొద్దీ వాళ్ళ నమ్మకం పెరుగుతోంది. అంతలో ఒకాయన ఈయన్ని నూతి దగ్గరికి తీసుకొచ్చాడు. నేను అక్కడే ఉన్నాను, నన్ను చూడలేదు. "పేరు మాకు తెలుసు బాబూ. మీరు ఊఁ అంటే చాలు. మా మాట నమ్మనివాళ్ళు కూడా మీ మాట నమ్ముతారు" అన్నాడు. మెల్లిగానే అన్నాడు, మర్యాదగానే అన్నాడు. నాకు కాళ్ళు వణికాయి.

మీ నాన్నగారు గుట్టు విషయంలో ఎలాంటివారో నీకు తెలుసు. గురువుగారి చేతిలో చెయ్యి వేసి మాటిచ్చారు. రింగుల్లో కిటుకు నాకే పెళ్ళయిన ఏడాదికి గానీ చెప్పలేదు. అలాంటి మనిషి వాకిట్లోకి వచ్చి లాంతరు తెమ్మన్నారు. కొత్త కవర్లు తెమ్మన్నారు. స్తంభం పక్కన ఉన్న పిల్లని పిలిచి చాప మీద తన పక్కన కూచోబెట్టుకున్నారు. దాని చెవిలో రెండు ముక్కలు చెప్పి కవర్లు దాని చేతికిచ్చారు.

మొదటి కవరు నుదుటికి పెట్టుకుని అది ఏదో అంది. మా మృదంగం అబ్బాయి "అవును, నాదే" అన్నాడు. అది కవరు చించి చూసుకుంది. దానికి కూడబలుక్కుని చదవడం వచ్చు, అది మా అదృష్టం. రెండో కవరు పెట్టుకుని, పెద్దాయన రాసిన ప్రశ్న ఆయన మొహం చూసి చెప్పేసింది. వాకిలంతా చప్పుడు లేదు. అప్పుడు ఈయన ఆపి అందరికీ విప్పి చెప్పారు. మొదటి కవరుకి చెప్పింది మావాడు ముందే చెప్పి ఉంచిన మాట. చించి చూసుకుంటున్నట్టు నటించినప్పుడు చదివేది మీ ప్రశ్న. అది రెండో కవరుకి చెప్తాం. ఇలా ఒక కవరు ముందుంటాం, మావాడి కవరు చివరికి వస్తుంది. ఇందులో శక్తి ఉంటే ఈ పిల్లకీ ఉన్నట్టే కదండీ, అన్నారు.

మెచ్చుకున్నారనుకున్నావా? "అయితే సాయంత్రం మమ్మల్ని మోసం చేశావన్నమాట" అని పెద్దాయన లేచిపోయాడు. డబ్బులివ్వలేదు. కప్పిన శాలువా కూడా అడిగి తీసుకున్నారు. తెల్లారకముందే హెడ్మాస్టరుగారు బండి కట్టించి పంపేశారు. దారంతా నేను డబ్బుల గురించి సణుగుతూనే ఉన్నాను, ఈయన ఒక్క మాట మాట్లాడలేదు. ఆ కాసులపేరు దొరికిందో లేదో, ఆ పిల్ల ఏమైందో మాకు తెలీదు. కవర్ల ఐటెం మళ్ళీ వెయ్యలేదు.

ఇదంతా ఎందుకు రాశానో, చేతిలో పెన్ను ఉంది, రాశాను. నిన్ను అనడానికి కాదు. నువ్వు డబ్బు కోసం అలా అని ఉండవు. ఆవిడ మొహం చూసి జాలేసి అని ఉంటావు. నిండా అరవై ఏళ్ళ కాపురం చేసిన ఏ ఆడదానికైనా భర్తతో తేలని మాట ఒకటి మిగిలే ఉంటుంది, అది ఊహించడానికి మేజిక్కే అక్కర్లేదు. నీకు ఊహ బాగా ఆడుతుంది, అదే నాకు టెన్షన్. జనం ఇచ్చే చప్పట్లు వేరు, దణ్ణాలు వేరు. దణ్ణాలకి అలవాటుపడితే రేపు ఎవరో నూతి దగ్గరికి పిలిచి పేరు చెప్పమంటారు. షో మొదట్లోనే "ఇది నేను నేర్చుకున్న విద్య, దీనికి సాధన తప్ప శక్తి ఏమీ లేదు" అని ఒక్క ముక్క చెప్పు. ఆట పలచబడుతుందంటావేమో. జన విజ్ఞాన వేదిక వాళ్ళు నాలుక మీద కర్పూరం వెలిగించి, ఇది మహిమ కాదు ఇలా చేశాం అని చెప్పేస్తారు. ఆ తర్వాత కూడా స్కూలు పిల్లలు ఇంకోసారి ఇంకోసారి అని అరుస్తారు. చూశాను నేను.

ఉపన్యాసం అయిపోయింది, పెద్దదాన్ని, సహించు.

కోటుతో పాటు సున్నుండలు, గోంగూర పచ్చడి పెట్టాను. పచ్చడి సీసా నిలబెట్టే తెరువు, నూనె కారితే కోటు పోతుంది. నాన్నగారు కొత్త పేక కట్టలు రెండు పెట్టమన్నారు, ఏమీ రాయొద్దన్నారు.

ఆ పెద్దావిడ నంబరు రాజాం కోడలిని అడిగి తీసుకున్నాను. ఈ కాగితం వెనక ఉంది, చింపి కాల్చెయ్యకు. ఫోన్లో వద్దు, ఇంటికే వెళ్ళు. పళ్ళు తీసుకెళ్ళు. ఆవిడకి షుగరుందట, అరటిపళ్ళు కాకుండా జామకాయలు.

అమ్మ