సూది ఎక్కడ వేసుకుంటవ్ బాపూ?

హన్మకొండ,
ఆదివారం పొద్దున

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్లో అమ్మకు ఇన్సులిన్ రాశారని చెప్పి, "హన్మకొండలో మంచి షుగర్ డాక్టర్ ఎవరున్నార్రా?" అని అడిగావు. డ్యూటీకి టైమవుతోందని పెట్టేశావు గానీ నేను చెప్పాల్సింది మిగిలిపోయింది. డాక్టర్ పేరు వాట్సాప్‌లో పంపుతాలే. ముందు మా బాపు సంగతి విను.

బాపు ఇన్సులిన్ మొదలుపెట్టి నాలుగేళ్లు. పోయిన వానాకాలం నుంచి పరగడుపున షుగర్ 250కి దిగనే లేదు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 10 దాటింది. మేం చూపించే చోట రెండు గంటలు కూర్చుంటే రెండు నిమిషాలు చూసేవారు. రిపోర్టు చూడటం, "అన్నం తగ్గించు పెద్దాయనా" అనడం, డోసు పెంచడం. రెండు పూటలా కలిపి 30 ఉన్న యూనిట్లు 48కి చేరాయి. ఇంట్లో మేమేమో దొంగతనంగా ఏం తింటున్నావని ఆయన మీద పడ్డాం. అమ్మ సకినాల డబ్బా కూడా దాచేసింది. పాపం, ముసలాయన గటక తిని ఊరుకునేవాడు.

సెప్టెంబరులో ఊరికి పోయినప్పుడు బీపీ గోళీల కోసం పల్లె దవాఖానకు తీసుకెళ్లాను. సిస్టర్ ఒక్కతే ఉంది. రిపోర్టు పక్కన పెట్టి, "సూది ఎక్కడ వేసుకుంటవ్ బాపూ? అంగి లేపు" అంది. బొడ్డుకు కుడివైపు వేళ్లతో మెల్లగా నొక్కుతూ పోయి ఒకచోట ఆగింది. నా చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టింది. చర్మం కింద నిమ్మకాయంత మెత్తటి గడ్డ! అక్కడైతే నొప్పి తెలియదని రోజూ అదే చోట పొడుచుకుంటున్నాడట. గడ్డలోకి పోయిన మందు రక్తంలోకి సరిగా చేరదట. మేం అన్నం మీద వేశాం నేరం.

నాకు బాగా నచ్చింది ఆ తర్వాత చేసిన పని. చోటు మార్చుకో అని పంపేయలేదు. మంచి చోట వేస్తే ఇదే డోసుకు షుగర్ పడిపోతుందని అక్కడి నుంచే పీహెచ్‌సీ డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయన 40 చాలన్నాడు. పొట్ట మీద పెన్నుతో నాలుగు గడులు గీసి, వారానికో గడి, రోజూ వేలెడు ఎడం అని బాపుతోనే తిరిగి చెప్పించుకుంది. "చెమటలు పట్టి వణికితే మిషన్ పెట్టి చూడు. 70కి తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లల్ల కలిపి తాపు, పావుగంటకు మళ్లీ చూడు" అని అమ్మకు చెప్పింది. మూడో రాత్రి రెండింటికి సరిగ్గా అదే అయింది, 62! అమ్మ గాబరా పడలేదు, నేనే పడ్డాను. పొద్దున సిస్టర్ డాక్టరును అడిగి ఇంకో నాలుగు యూనిట్లు తగ్గించింది. మొన్నటి హెచ్‌బీఏ1సీ 8.1.

ఇంకోరోజు కళ్లు మూసుకోమని సన్నటి నైలాన్ తీగను అరికాలికి ముట్టించింది. "తగిలిందా?" "ఆఁ." "ఇప్పుడు?" "ఆఁ." ఎడమ బొటనవేలి కింద మూడుసార్లు ముట్టించినా బాపు పలకలేదు. ఆ రోజు నుంచి చేనుకు చెప్పుల్లేకుండా పోనివ్వట్లేదు.

మా చిన్నక్క బిడ్డ ఇంగ్లండ్‌లో జీపీ సర్జరీలో, అంటే మన ఫ్యామిలీ డాక్టర్ క్లినిక్ లాంటి దాంట్లో, నర్సు. అక్కడ షుగర్ వాళ్ల ఏడాది చెకప్ ఎక్కువగా నర్సులే చూస్తారట. దానికోసం విడిగా చదివిన నర్సులైతే మందులు కూడా రాస్తారట. మన సిస్టర్‌కేమో టీకాలు, 30 దాటిన వాళ్లందరికీ బీపీ షుగర్ పరీక్షలు, ఆన్‌లైన్ ఎంట్రీలు, వాటి సందులో బాపు పొట్ట. ఆ అరగంట ఏ లెక్కలోకీ రాదు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

అందుకని అమ్మను సిరంజితో, సీసాతో సహా మీ ఊరి సిస్టర్ దగ్గరికి పంపు, ఆమె కళ్లెదుటే సూది వేసుకోమను. ఇక్కడి సీసాల్లో ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజి. నువ్వు దుబాయ్ నుంచి తెస్తానంటున్నది 100ది. ఎర్ర మూత సిరంజితో అది తీస్తే రెండున్నర రెట్లు లోపలికి పోతుంది. తేకు.

బాపు నిన్ను ఖర్జూరాలు కూడా తేవద్దన్నాడు. రెండుసార్లు అన్నాడు, అంటే తెమ్మనే.

నీ
సంపత్