అహోబిలం దారిలో నిమ్మకాయ నీళ్లమ్మే అవ్వకు

కాలికి కట్టుతో మంచం మీద పడుకుని ఇది టైప్ చేస్తున్నాను. మూడు రోజులుగా సరిగా నిద్ర లేదు, తప్పులుంటే మన్నించండి. తగ్గాక తీరిగ్గా రాద్దామనుకుంటే ఇక రాయలేనేమోనని భయం.

మొన్న ఆదివారం నేనూ నా డిగ్రీ స్నేహితురాలూ అహోబిలం వెళ్లాం. కర్నూలు హాస్టల్లో మూడేళ్లు ఒకే గదిలో ఉన్నవాళ్లం, పదహారేళ్లకు మళ్లీ కలిశాం. 2021లో, కరోనా రెండో వేవ్‌లో మా నాన్న ఆక్సిజన్ మీద ఉన్నారని ఎవరి ద్వారానో విని, నేను అడక్కుండానే లక్ష రూపాయలు పంపింది. నాన్న బతికారు. డబ్బు విడతలుగా తీర్చేశాను. ఎదురుగా నిలబడి ఒక్క మాట మాత్రం చెప్పలేదు. ఆ మాట చెప్పాలనే ఎక్కడికైనా నడుద్దాం రమ్మన్నాను. "అహోబిలం పోదామే, హాస్టల్లో ఎన్నిసార్లు అనుకున్నాం" అంది.

ఎగువ అహోబిలంలో కోతుల భయానికి చెరో కర్ర పట్టుకుని భవనాశి వెంబడి నడిచాం. వాగు నిండుగా ఉంది. జ్వాలా నరసింహస్వామి గుడి దగ్గర కొండ మీంచి పడే ధార కింద ఇద్దరం తడిశాం. అక్కడే మొదలుపెట్టాను, "ఈరోజు నాన్న ఉన్నాడంటే..." అని. నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "మీ నాన్న తెచ్చిన గోంగూర పచ్చడి మూడేళ్లు తిన్నాను, ఊరుకో" అంది. మాట అక్కడే ఆగిపోయింది.

తిరిగి వస్తుంటే నాచు పట్టిన బండ మీద కాలు జారింది. లేవబోతే లేవలేకపోయాను. చూస్తుండగానే చీలమండ బూరెలా వాచింది. ఫోన్లకు సిగ్నల్ లేదు.

అప్పుడొచ్చింది ఆ అవ్వ. దారి పక్కన నిమ్మకాయ నీళ్లమ్ముకునే మనిషి. అరవై దాటి ఉంటాయి, కాళ్లకు చెప్పుల్లేవు. తలమీది చుట్టకుదురు విప్పి, థర్మోకోల్ డబ్బాలోని ఐసు మొత్తం అందులో వేసి మూటగట్టింది. ఆ ఐసు ఆమె కింది నుంచి నెత్తిన మోసుకొచ్చింది. అది లేకపోతే ఆ పూటకి ఆమె బేరం లేనట్టే. ఇంకా పదిన్నర కూడా కాలేదు. నేల మీద చతికిలబడి నా కాలు తీసి తన ఒళ్లో పెట్టుకుంది. పెద్దామె ఒళ్లో కాలు పెట్టడమేంటని వెనక్కి లాక్కోబోయాను. గట్టిగా పట్టుకుంది. "నా కూతురి కాలయితే పట్టుకోనా పాపా? ఊరికుండు" అంది.

నొప్పికి ఏడవలేదు నేను. ఆ మాటకి ఏడ్చాను. అందరూ చూస్తున్నా ఆగలేదు.

డోలీ వచ్చేదాకా దాదాపు రెండు గంటలు ఆమె కదల్లేదు. ఎవరో వచ్చి నిమ్మకాయ నీళ్లడిగితే "ఇప్పుడు గాదు నాయనా" అని పంపేసింది. నా స్నేహితురాలు ఐదొందలు ఇవ్వబోతే చేయి వెనక్కి తీసుకుంది. "కాలు బాగయినాక నడిచిరా పాపా. నీళ్లు తాగి అప్పుడియ్యి దుడ్లు" అంది. పేరైనా అడగలేదు నేను. అదే గుండెల్లో మెలిపెడుతోంది.

డోలీ మోసిన నలుగురన్నలకూ దండం. ఆ రాళ్ల మీద ఒక్క కుదుపు తగలనివ్వలేదు.

ఆ తర్వాతి సంగతి చెప్పాలంటేనే కడుపు మండుతోంది. మొదటి ఆసుపత్రిలో ఎక్స్‌రే గదికి తాళం, ఆదివారం మనిషి రాడట. రెండో చోట ముప్పై వేలు కడితేగాని స్ట్రెచర్ కదలదన్నారు. ఇన్సూరెన్స్ కార్డు చూపిస్తే, అప్రూవల్ రావాలి, ఈరోజు సెలవు అన్నారు. ఏడేళ్లుగా ప్రీమియం కడుతున్నాను. కాళ్లు ఆదివారం విరగవా? ఇంతమంది నడిచే కొండదారిలో ఒక ప్రథమ చికిత్స పెట్టె, ఒక మనిషి ఉంటే ఎంత మేలు!

ఆ ముప్పై వేలు కూడా నా స్నేహితురాలే కట్టింది. రెండు సంచులు భుజాన వేసుకుని, డోలీ పక్కనే నా వేళ్లు పట్టుకుని నడిచి, రాత్రంతా బెంచీ మీద కూర్చుంది. ఒసేయ్, ఇది చదువుతావని తెలుసు. ఇక్కడ నా నోరు మూయలేవు. నాన్నని కాపాడినందుకు, నన్ను మోసినందుకు థాంక్యూనే.

మా ఆయన, అత్తమ్మ, పిల్లలు బాగా చూసుకుంటున్నారు. ఆరు వారాలు కట్టు ఉండాలట. ఈ వారంలో అటు వెళ్లేవాళ్లుంటే ఆ అవ్వ దగ్గర తప్పకుండా నీళ్లు తాగండి, పాప కాలు కుదుటపడుతోందని చెప్పండి.

అయ్యో, మర్చిపోయాను. డోలీ కోసం కిందికి పరిగెత్తిన కాలేజీ పిల్లలు ముగ్గురు! డబ్బులు తర్వాత చూద్దాంలే అక్కా అన్న ఆటో తమ్ముడు. రాత్రి తన ఫోన్ ఛార్జర్ ఇచ్చిన నర్సమ్మ. పాల ప్యాకెట్లు తీసిపెట్టిన పక్కింటి ఆంటీ.

ఆ పిల్లల్లో ఒకరు నా తల కింద పెట్టిన తువ్వాలు నా దగ్గరే ఉండిపోయింది. నీలం గళ్లది. ఉతికి మడతపెట్టాను. మీదైతే మెసేజ్ పెట్టు నాన్నా, పంపిస్తాను.