వార్షిక నివేదిక: లారీకి ఇంజన్ హీటర్, ఇతర చలికాలపు పనులు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం పనిలో ముప్పాతిక భాగం ఒక్కదానికే పోయింది: మన ఎం35ఏ2 అనే అమెరికా సైనిక లారీకి ఇంజన్ హీటర్ (స్టార్టు చేయకముందే ఇంజనును కరెంటుతో వేడి చేసేది) బిగించడం. అందుకే ఈ నివేదికలో కూడా దానికే ఎక్కువ చోటు ఇచ్చాం. మనం ఉన్నది మిన్నెసోటా. 1996 ఫిబ్రవరి 2న టవర్ అనే ఊళ్లో సున్నాకు 51 డిగ్రీల సెల్సియస్ కిందికి పడిపోయిన రాష్ట్రం ఇది. అంత చలి ఎప్పుడో గానీ రాదు, కానీ జనవరి తెల్లవారుజామున మైనస్ 25 అంటే ఇక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు.

ఈ ఇంజనుకు హీటర్ ఎందుకు

బండిలో ఉన్నది ఎల్‌డీటీ-465 మల్టీఫ్యూయెల్ ఇంజన్, అంటే డీజిలే కాక రకరకాల ఇంధనాలతో నడిచేది. ఆరు సిలిండర్లు, 7.8 లీటర్లు. దీని దహన పద్ధతి జర్మనీకి చెందిన ఎం.ఏ.ఎన్. కంపెనీది. మన జబల్పూర్‌లో తయారైన శక్తిమాన్ లారీ కూడా ఆ కంపెనీ లైసెన్సుదే కాబట్టి, సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లకు ఈ గొంతు కొంచెం తెలిసినట్టే ఉంటుంది. దీనికి గ్లో ప్లగ్గులు (స్టార్టు చేసేముందు సిలిండర్ లోపల వేడి పుట్టించే కరెంటు కడ్డీలు) లేవు. గాలిని 22 వంతులకు ఒక వంతుగా నొక్కినప్పుడు పుట్టే వేడితోనే ఇంధనం అంటుకోవాలి. ఇనుము చల్లగా ఉంటే ఆ వేడిని అదే లాగేసుకుంటుంది. పైగా ఆయిలు ముదురు పాకంలా ఉండి సెల్ఫ్ మెల్లగా తిరుగుతుంది, మెల్లగా తిరిగితే నొక్కిన గాలి రింగుల పక్కనుంచి జారిపోతుంది.

ఇంజనులోకి గాలి తెచ్చే గొట్టంలో, అంటే మ్యానిఫోల్డులో, ఫ్లేమ్ హీటర్ ఉంది కదా అని కొందరు సభ్యులు అడిగారు. అది లోపలికి వెళ్లే గాలిని వేడి చేస్తుంది గానీ ఇనుమునూ ఆయిలునూ కాదు. ఇంకో మాట: ఫ్లేమ్ హీటర్ ఉన్న ఇంజనులోకి ఈథర్ స్ప్రే (చలిలో ఇంజన్ తొందరగా అంటుకోవడానికి కొట్టేది) కొట్టకూడదు. మ్యానిఫోల్డులోనే పేలుతుంది. షెడ్డులో ఉన్న ఈథర్ డబ్బాలు తీసేశాం.

ఎన్ని వాట్లు కావాలి

ఇనుము 600 కిలోలు, కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) 30 లీటర్లు అని లెక్క వేసుకుంటే, 40 డిగ్రీలు పెంచడానికి దాదాపు 4.3 యూనిట్ల కరెంటు కావాలి. 1,500 వాట్ల హీటరుకు ఇది మూడు గంటలలోపు పని. గాలికి పోయే వేడి కూడా కలుపుకుంటే నాలుగు గంటలు. 1,000 వాట్లదైతే ఆరేడు గంటలు. ఇంజన్ ఒక స్థాయికి వేడెక్కాక వచ్చే వేడీ పోయే వేడీ సమానమవుతాయి, ఆపైన రాత్రంతా పెట్టినా బిల్లే తప్ప లాభం లేదు. అందుకే టైమరు పెట్టి, బయలుదేరడానికి నాలుగు గంటల ముందు ఆన్ అయ్యేలా చేశాం.

1,500 వాట్లంటే 120 వోల్టుల దగ్గర 12.5 ఆంపియర్లు. మూడు గంటలకు మించి నడిచే లోడుకు 15 ఆంపియర్ల లైను మీద 12 దాటకూడదు. కాబట్టి 20 ఆంపియర్ల లైను, జీఎఫ్‌సీఐ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) రక్షణతో వేయించాం. అంత లైను లేనివాళ్లు 1,000 వాట్లతో సరిపెట్టుకోవడం మంచిది.

బిగింపు

మనం తీసుకున్నది బయట బిగించే ట్యాంకు హీటర్. పంపు లేదు, వేడెక్కిన కూలెంట్ తేలికై పైకి పోతుంటే చల్లది కిందినుంచి దానంతటదే వస్తుంది. ఈ రకంలో వాట్ల కన్నా నీటి దారే ముఖ్యం. ఎక్కువమంది తప్పు చేసేది అక్కడే.

హీటరును ఇంజన్ బ్లాకు (సిలిండర్లు ఉండే ఇనుప దిమ్మ) నుంచి నీళ్లు దింపే డ్రెయిన్ రంధ్రం కన్నా కిందికి, ఫ్రేముకు బిగించాలి. ఇంజనుకు బిగిస్తే అదురుకు బ్రాకెట్ పగులుతుంది. లోపలికి వచ్చే గొట్టం డ్రెయిన్ దగ్గరనుంచి, బయటికి పోయే గొట్టం సిలిండర్ హెడ్డు దగ్గర క్యాబిన్ హీటరుకు వెళ్లే రంధ్రంలో టీ జాయింటు పెట్టి కలపాలి. ఈ రెండో గొట్టం మొదటినుంచి చివరిదాకా ఎక్కుతూనే ఉండాలి. మధ్యలో ఒక్క చోట వంగి కిందికి దిగినా అక్కడ గాలి చిక్కుకుని ప్రవాహం ఆగిపోతుంది. ట్యాంకులోని బంతి వాల్వు ఒక దిక్కుకే తెరుచుకుంటుంది, బాణం గుర్తు పైకి ఉండేలా చూడాలి.

డ్రెయిన్ కాక్ విప్పితే మొదట చుక్క కూడా రాలేదు. తుప్పు బురద రంధ్రాన్ని మూసేసింది. తీగతో పొడిచి, నీళ్లు తేటగా వచ్చేదాకా రెండు దిక్కులనుంచీ కడిగాం. ఈ పని చేయకుండా హీటర్ పెట్టి ఉంటే నెలలోపు ఎలిమెంట్ (హీటరులో వేడెక్కే తీగ) మాడిపోయేది.

గొట్టాలు 5/8 అంగుళం సిలికాన్‌వి. వీటికి మామూలు స్క్రూ క్లాంపులు పనికిరావు, చలికి రబ్బరు కుంచించుకుని కారుతుంది. స్ప్రింగు ఉన్న క్లాంపులు వాడాం. హీటరుకు రెండు వైపులా బాల్ వాల్వులు పెట్టడం వల్ల ఎలిమెంట్ మార్చాల్సి వస్తే కూలెంట్ అంతా పారబోయనక్కర్లేదు.

కూలెంట్ నింపాక వెంటనే కరెంటు ప్లగ్గు పెట్టకండి. ముందు ఇంజన్ నడిపి, థర్మోస్టాట్ (వేడెక్కాక కూలెంటును రేడియేటరుకు వదిలే వాల్వు) తెరుచుకుని, గాలి అంతా పోయాక మట్టం చూసి మళ్లీ నింపాలి. ఎలిమెంట్ పొడిగా ఉండగా కరెంటు ఇస్తే నిమిషాల్లో పోతుంది. సరిగ్గా పనిచేస్తోందా అంటే చేత్తోనే తెలుస్తుంది: అరగంటకు పై గొట్టం పొడవునా వెచ్చగా ఉండాలి. హీటర్ దగ్గర మాత్రమే సలసలా కాగుతూ, గుటగుట చప్పుడు వస్తూ, ఆపైన చల్లగా ఉంటే గాలి ఇరుక్కున్నట్టే.

కూలెంట్ సగం నీళ్లు, సగం ఇథిలీన్ గ్లైకాల్. ఇది మైనస్ 37 దాకా గడ్డకట్టదు. ఎక్కువ పోస్తే ఇంకా మంచిదని అనుకోవద్దు. అసలు నీళ్లే కలపని గ్లైకాల్ మైనస్ 13కే గట్టిపడుతుంది.

కరెంటు తీగలు

ఎక్స్‌టెన్షన్ వైరు 15 మీటర్లకు 12 గేజి వాడాం. సన్నని 16 గేజి వైరు వాడితే దాంట్లోనే దాదాపు 60 వాట్లు వేడిగా పోతుంది. చుట్ట చుట్టి ఉంచితే కరిగిపోతుంది. హీటర్ ఎర్తు తీగను ఫ్రేము మీద పెయింటు గీకి, మెరిసే ఇనుముకు బిగించాలి. టర్బో, ఎగ్జాస్టు గొట్టం ఉన్న వైపునుంచి తీగ తీసుకురావద్దు. ప్లగ్గు ముందు బంపరు దగ్గర మూతతో ఉంది. ప్లగ్గు పెట్టినవాళ్లు స్టీరింగుకు నారింజ రంగు చీటీ కట్టాలి. వైరును వెంట ఈడ్చుకుపోయే బండి మంచి వేడుకే గానీ, సాకెట్ పీకి పోతుంది.

ఆయిలు, బ్యాటరీలు

బ్లాకు వేడెక్కినా కింద సంపులో, అంటే ఆయిలు నిలిచే తొట్టిలో, ఆయిలు చల్లగానే ఉంటుంది. 250 వాట్ల సిలికాన్ ప్యాడ్ సంపుకు అంటించాం. పెయింటు పూర్తిగా గీకి, నూనె తుడిచి అంటించకపోతే మధ్యలో గాలి చేరి ప్యాడే మాడుతుంది. దీన్ని మరో లైనుకు కలపాలి, హీటరుతో పాటు ఒకే లైను మీద వద్దు. శీతాకాలానికి 15డబ్ల్యూ-40 ఆయిలు తీసేసి, చలిలో దానికన్నా పలచగా ఉండే 5డబ్ల్యూ-40 పోశాం. ఈ ఇంజనుకు ఫిల్టర్లతో కలిపి 22 క్వార్టులు, అంటే దాదాపు 21 లీటర్లు పడుతుంది.

బ్యాటరీలు 12 వోల్టులవి రెండు, వరసలో కలిపి 24. మైనస్ 18 దగ్గర బ్యాటరీ ఇచ్చే శక్తి దాదాపు సగానికి పడిపోతుంది. నిండా చార్జి ఉన్న బ్యాటరీ ఇక్కడి చలికి గడ్డకట్టదు గానీ, ఖాళీది మైనస్ 10 లోపే గడ్డకట్టి పెట్టె పగులుతుంది. 24 వోల్టుల చార్జరే వాడండి. రేడియో కోసమో లైటు కోసమో ఒక్క బ్యాటరీ నుంచే 12 వోల్టులు తీయడం మానాలి, రెండూ ఎగుడుదిగుడై ఒకటి చచ్చిపోతుంది.

మిగతా పనులు

బ్రేకుల గాలి ట్యాంకుల్లో చేరిన నీళ్లు రోజూ దింపాలి, లేకపోతే వాల్వు గడ్డకట్టి బ్రేకు పట్టదు. పేరు పట్టికలో ఎవరు దింపితే వాళ్లు సంతకం చేయాలి. ట్యాంకులో చలికాలమంతా ఒకటో నంబరు డీజిలే (చలికి తొందరగా గడ్డకట్టని పలచటి రకం) పోయాలి.

వచ్చే ఏడాది డీజిల్‌తో మండే 24 వోల్టుల హీటర్ పెట్టాలన్నది కార్యవర్గం ప్రతిపాదన, కరెంటు లేని చోట్లకు పనికొస్తుంది. 5 కిలోవాట్లదైతే పూర్తి మంట మీద గంటకు అర లీటరుకు పైగా తాగుతుంది. దీనికి వేరే చిన్న ట్యాంకు తప్పదు. లారీ ట్యాంకులో కొందరు పోసే పాత ఇంజన్ ఆయిలు మిశ్రమం ఈ హీటర్ బర్నరును మసితో మూసేస్తుంది. దాని పొగగొట్టం క్యాబుకు దూరంగా, వెనక్కి తీయాలి.

రేడియేటర్ ముందు కట్టే కాన్వాస్ తెర కూడా చిరిగిపోయింది. కుట్టు తెలిసిన సభ్యులు కొలతలకు షెడ్డుకు రావాలని కోరుతున్నాం. మధ్యలో తెరిచి మూసే రెక్క ఒకటి ఉంచండి. పూర్తిగా మూసేస్తే ఎండ కాసిన రోజు ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ కాగిపోతుంది.