పిల్లల పేజీలో పులి బరువు ఒక్కటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం పిల్లల పేజీలో పులి గురించి వేసిన వ్యాసాన్ని మా ఇంట్లో పిల్లలు పోటీ పడి చదివారు, థాంక్స్. కానీ బరువెంత, పొడవెంత, ఒక్క పూటలో ఎన్ని కిలోల మాంసం లాగిస్తుంది, ఇవన్నీ క్విజ్‌కి పనికొస్తాయి, మర్నాటికి ఒక్కటీ గుర్తుండదు. మన ఊళ్లో 1963 నుంచీ జూపార్కు ఉంది, సిటీ బస్సెక్కి వెళ్లి కళ్లారా చూసుకోగలిగేవి చెప్పొచ్చు కదా!

మావాడు చదవడం అవగానే అడిగాడు, "అంత నారింజ రంగులో ఉంటే జింకకి ఇట్టే దొరికిపోదా నాన్నా?" అని. వ్యాసంలో దానికి జవాబు లేదు. రంగుల్ని పట్టే కణాలు మన కంట్లో మూడు రకాలు, జింక కంట్లో రెండే, అందుకే దానికి నారింజకీ ఆకుపచ్చకీ తేడా పెద్దగా తెలియదు. మన కళ్లకి భగ్గుమనే పులి దానికి పొదలో పొదలా కలిసిపోతుంది, పైగా ఆ చారల వల్ల ఒళ్లు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో తెలీదు. ఇన్ని హంగులున్నా పదిసార్లు వేటకి దిగితే ఒకసారి దొరకడమే గొప్ప, పాపం.

జూలో పులి అటు తిరిగినప్పుడు చెవుల వెనక చూడమనండి, నల్లటి చెవి మీద తెల్లటి మచ్చ ఒకటి ఉంటుంది. ఇంట్లో పిల్లికి ఎండలో కంటిపాప నిలువు గీతలా సన్నబడుతుంది, పులికి మాత్రం గుండ్రంగానే ఉంటుంది. ఎండాకాలం నీళ్లగుంటలో మునిగి కూర్చోవడం కూడా చూడొచ్చు, పులికి నీళ్లంటే భయం లేదు.

తెల్లపులి సంగతి కూడా రాయాల్సింది. అది వేరే జాతి కాదు, ఓ జన్యువులో తేడా, అంతే. 1951లో రీవా సంస్థానం రాజు పట్టించిన మోహన్ అనే తెల్లపులి పిల్లని పెంచి, పెద్దయ్యాక దాని కూతురితోనే జతకట్టించి సంతతి పెంచారు. అలా దగ్గర రక్తం కలవడం వల్లే వాటిలో రోగాలూ లోపాలూ ఎక్కువ, మెల్లకన్ను మాత్రం ఆ జన్యువుతోనే ముడిపడిన లోపం. ఇది చెప్పకుండా "అరుదైన అద్భుతం" అని మురిసిపోవడం నాకు నచ్చదు.

నక్క వాతలు పెట్టుకుంటే రావు గానీ పులి చారలు వెంట్రుకల్లోనే కాదు, చర్మం మీద కూడా ఉంటాయి, ఏ రెండు పులులకీ ఒకేలా ఉండవు. ఒకే పులికి కుడిపక్క చారలు ఎడమపక్క వాటితో కలవవు కూడా! అందుకే అమ్రాబాద్‌లోనో కవ్వాల్‌లోనో పులుల్ని లెక్కపెట్టేటప్పుడు దారికి ఇటొకటి అటొకటి కెమెరాలు కడతారు. ఈసారి ఆ బరువుల పట్టిక తీసేసి, ఆ చోట్లో అలాంటి కెమెరా ఫొటోలు నాలుగు వేసి, వీటిలో ఒకే పులివి ఏ రెండో పట్టుకోండర్రా అని పిల్లలకి పెట్టండి. జవాబు మాత్రం తర్వాతి వారం వేయండి.

— ఓ పాఠకుడు, అత్తాపూర్, హైదరాబాద్