శైలూ, ఆ ప్లగ్ సంగతి

చెన్నై

శైలూ తల్లీ,

ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. నువ్వు ఫోన్ ఎత్తడం లేదు, అందుకే ఈ ఉత్తరం. ఉద్యోగం మానేసి స్నేహితులతో కలిసి స్కూటర్లకి కొత్త ఛార్జింగ్ ప్లగ్ చేస్తున్నావని, వాడిన ప్రతి కంపెనీ దగ్గరా డబ్బు తీసుకుంటారని రాజ్యం అత్తయ్య చెప్పింది. నిజమేనా? నేనేమీ అనను.

బస్సులో కందిపొడి పంపాను, తీసుకున్నావా?

రిచీ స్ట్రీట్‌లో మన షాపుకి పెళ్లి వీడియోల వాళ్లు వచ్చేవారు, గుర్తుందా? డీవీ కెమెరా చేత్తో పట్టుకుని, అందులోని వీడియోని కంప్యూటర్‌లోకి ఎక్కించే ఫైర్‌వైర్ కార్డు కావాలనేవారు. కెమెరా వైపు 4 పిన్నుల చిన్న సాకెట్, కార్డు వైపు 6 పిన్నుల పెద్దది. చిన్నదాంట్లో కరెంటు పిన్నులుండవు. తప్పు కేబుల్ కొన్నవాళ్లు సాయంత్రానికి తిరిగొచ్చేవారు. ఎంత మంచి వస్తువమ్మా అది! 1995లోనే ప్రమాణమైంది, సెకనుకి 400 మెగాబిట్లు. మరుసటేడు వచ్చిన యూఎస్‌బీ 12 దగ్గరే ఉంది. ఫైర్‌వైర్‌లో రెండు పరికరాలు మధ్యలో కంప్యూటర్ లేకుండానే మాట్లాడుకునేవి. అయినా ఓడింది. దాని పేటెంట్లున్న ఆపిల్ ఒక్కో పోర్టుకి డాలర్ అడిగింది. పైసా పైసా లెక్కేసుకునే మదర్‌బోర్డుల వాళ్లు ఎలా ఇస్తారు? జనం ఇంకా నడవని దారికి టోల్ గేటు పెట్టినట్టయింది. తర్వాత పరికరానికి 25 సెంట్లకి దించారు గానీ, కంప్యూటర్ చిప్పులు చేసే ఇంటెల్ అప్పటికే యూఎస్‌బీ 2.0 వైపు తిరిగింది. 2000లో అది 480కి చేరింది. పైగా యూఎస్‌బీలో బరువంతా కంప్యూటరే మోస్తుంది, మౌస్‌లో చవక చిప్ చాలు. ఆ ఆపిలే 1998లో ఐమ్యాక్‌లో పాత పోర్టులు తీసేసి యూఎస్‌బీ పెట్టింది.

ఐబీఎం అంతటిది 1987లో కంప్యూటర్ లోపల కార్డులు తగిలించే మైక్రోచానెల్ అనే కొత్త పద్ధతి తెచ్చి లైసెన్సు డబ్బు అడిగితే, కాంపాక్‌తో సహా తొమ్మిది కంప్యూటర్ కంపెనీలు ఒక్కటై తమ సొంత పద్ధతి తెచ్చుకున్నాయి.

మీ బెంగళూరులోనే చూడు. ఏథర్ వాళ్లు తమ స్కూటర్ ప్లగ్‌ని 2021లో మిగతా కంపెనీలకి ఇచ్చేశారు. 2023లో దానికి ప్రభుత్వ ప్రమాణాల సంస్థ బీఐఎస్ ఆమోదం వచ్చింది. అలాంటి ప్లగ్ ఉన్నచోట మీది డబ్బు పెట్టి ఎవరు కొంటారు? ముందు ఇద్దరు ముగ్గురు తయారీదారుల్ని మీతో కలుపుకోండి, రుసుము సంగతి తర్వాత. ఉపన్యాసం ఇవ్వకూడదనుకుంటూనే ఇచ్చేశాను, ఏమనుకోకు.

ఉద్యోగానికి రాజీనామా ఇంకా ఇవ్వకపోతే కొన్నాళ్లు ఆగు. ఇచ్చేసి ఉంటే, పీఎఫ్ డబ్బు మాత్రం ఇందులో పెట్టకు. ఆ లైసెన్సు కాగితాలు సంతకం చేసేముందు ఫొటో తీసి నాకు పంపు, చంద్రం బాబాయికి చూపిస్తాను. రాత్రిళ్లు భోజనం మానొద్దు. ఆదివారం పొద్దున్న ఫోన్ చెయ్యి, అమ్మ గుడికి వెళ్లకముందే.

ఆశీస్సులతో,
నాన్న