విజిల్ రాని కుక్కరు, మా మీద నెపం

కస్టమర్ కేర్ వారికి,

నమస్తే. పోయిన దసరాకి ముందు నల్లగొండ ప్రకాశం బజార్‌లో మీ కంపెనీ 5 లీటర్ల అల్యూమినియం కుక్కర్ కొన్నాను. బిల్లు, వారంటీ కార్డు రెండూ ఉన్నాయి, ఫొటోలు జత చేస్తున్నా. ఫోన్లో ఇప్పటికి నాలుగుసార్లు చెప్పాను, నాలుగుసార్లూ హిందీలోనే నడిచింది, చివరికి "డూప్లికేట్ గ్యాస్కెట్ వాడారు, వారంటీ వర్తించదు" అని పెట్టేశారు. అందుకే తెలుగులో, తీరిగ్గా రాస్తున్నా. తెలుగు వచ్చినవాళ్లతో చదివించుకోండి.

పోయిన నెల ఒక ఆదివారం మా అత్తమ్మ పుంటికూర పప్పు పెట్టింది. సగం కుక్కర్ కూడా నిండలేదు, పొంగకుండా రెండు చుక్కల నూనె కూడా వేసింది. ముప్పై ఏళ్లుగా చేస్తున్న పని ఆమెకి. పావుగంటైనా విజిల్ లేదు. "ఏందమ్మా, ఒక్క కూత గూడ రాలె" అంటూ మంట తగ్గిద్దామని చెయ్యి చాపింది, అంతే, మూత మీది సేఫ్టీ వాల్వ్ తుస్సుమని పోయింది. పప్పంతా పొయ్యి మీద, గోడ మీద, పైకప్పు మీద. పుంటికూర మరక ఇంకా పోలేదు, కావాలంటే అదీ ఫొటో తీసి పంపుతా. ఆవిరి తగిలి ఆమె ముంజేయి బొబ్బలెక్కింది. పక్కింటామె టూత్‌పేస్ట్ పట్టుకొచ్చింది గానీ వద్దని చెయ్యి ఇరవై నిమిషాలు నల్లా కింద పెట్టించి దవాఖానకి తీసుకెళ్లాం. ఇప్పుడు మానింది.

వాల్వ్ దాని పని అది చేసిందని ఒప్పుకుంటా. లోపల వేడి హద్దు దాటితే అందులోని లోహం కరిగి ఆవిరికి దారివ్వాలి, ఇచ్చింది, లేకపోతే మూతే లేచేదేమో. నేను అడిగేది వేరే. చదరపు సెంటీమీటరుకి సుమారు ఒక కిలో ఒత్తిడి వస్తే చాలు, వెయిట్ లేచి విజిల్ వేయాలి, అప్పటికి లోపల 120 డిగ్రీల దాకా వేడి ఉంటుంది. మరి వెయిట్ లేవకుండా వాల్వ్ కరిగేదాకా ఎందుకొచ్చింది?

మీరేమో గ్యాస్కెట్ అంటున్నారు. గ్యాస్కెట్ బాగోలేకపోతే ఏమవుతుందో కుక్కర్ వాడే ఏ ఇంట్లో అడిగినా చెప్తారు, అంచుల్లోంచి ఆవిరి కారిపోతుంది, లోపల ప్రెషరే నిలవదు, పప్పు ఉడకదు. మా ఇంట్లో జరిగింది దానికి పూర్తిగా ఉల్టా, ప్రెషర్ పోయే దారి లేక ఎక్కువైంది. అయినా ఆ గ్యాస్కెట్ ఎందుకు కొన్నామో కూడా వినండి. మీతో వచ్చింది ఆరు నెలలకే గట్టిపడింది. ఒరిజినల్ కోసం మీ కుక్కర్ అమ్మిన షాపుకే వెళ్తే లేదన్నాడు, గడియారం సెంటర్ చుట్టూ ఇంకో మూడు షాపులు తిరిగాను, ఎక్కడా లేదు. ఎనభై రూపాయల రబ్బరు ముక్క కోసం వంద కిలోమీటర్లు హైదరాబాద్ పోయి రావాలా? కుక్కర్ అమ్మడానికి దొరికిన నల్లగొండ, గ్యాస్కెట్ పెట్టడానికి దొరకలేదా?

అసలు సంగతి ఇప్పుడు చెప్తా. మూత కడిగి, వెయిట్ తీసి, అది కూర్చునే ఆవిరి గొట్టంలోకి చీపురుపుల్ల పెట్టి చూశా. మా పాత కుక్కర్లో పుల్ల ఇటు నుంచి అటు సాఫీగా పోతుంది. మీ మూతలో సగంలో ఆగిపోయింది. కిటికీ దగ్గర వెలుతురుకి పట్టి చూస్తే లోపల ఒక పక్క లోహం అంచు గోరంత పొడుచుకొని కనిపిస్తోంది, డ్రిల్ చేశాక నున్నగా తీయలేదన్నమాట. దానికి పప్పు పొట్టు పట్టుకొని ఎండి ఉంది. ఇది మా వాడకం వల్ల వచ్చింది కాదు, మీ ఫ్యాక్టరీ నుంచే వచ్చింది. అడుగున ఐఎస్ 2347 అని, అంటే కుక్కర్ల నాణ్యతా ప్రమాణం గుర్తు, వేశారు కదా, 2021 ఫిబ్రవరి నుంచి ఆ గుర్తు లేకుండా అమ్మకూడదు కాబట్టి వేశారు, మరి ఈ మూతని ఎవరు చెక్ చేశారు?

మీ మూడో కాల్‌లో ఒకాయన "మీ ఊరి నీళ్ల ఉప్పు పేరుకుంది" అన్నాడు. సార్, నల్లగొండ నీళ్ల గురించి మాకు మీరు చెప్పాలా! నాగ్‌పూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మా ఊరి పేరే పెట్టారు. మేం వంటకి వాడేది మిషన్ భగీరథ నల్లా నీళ్లు, గొట్టంలో ఉన్నది ఉప్పు పొర కాదు, పప్పు పొట్టు.

మా వైపు లోపం కూడా దాచను. మూత పెట్టినప్పుడే వెయిట్ కూడా పెట్టేస్తాం, మా వాడకట్టులో అందరూ అంతే. మొన్న మీ పుస్తకం ముందేసుకొని చదివితే ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: గొట్టంలోంచి ఆవిరి ధారగా వచ్చాకే వెయిట్ పెట్టాలని, వాడే ముందు ప్రతిసారీ గొట్టాన్ని వెలుతురుకి పట్టి చూడాలని. ఆ రెండు ముక్కలు తెలిసుంటే గొట్టం మూసుకుందని అత్తమ్మ ఆ రోజే పట్టేసేది. పుస్తకంలో ఇంగ్లీషు ఉంది, హిందీ ఉంది. కుక్కర్ ముందు నిలబడేది మాత్రం తెలుగు తప్ప రాని అరవై ఏళ్ల మనిషి.

కాబట్టి నాకు కొత్త మూత ఒక్కటి పంపి చేతులు దులుపుకుంటే కుదరదు. కుక్కర్ మొత్తం మార్చండి లేదా డబ్బు వాపస్ ఇవ్వండి, దవాఖాన ఖర్చు 1,400 బిల్లు పంపుతున్నా, అదీ ఇవ్వండి. ఈ బ్యాచ్‌లో మిగతా మూతల గొట్టాలు చూశారో లేదో రాసి పంపండి. నల్లగొండలో ఒక్క షాపులోనైనా ఒరిజినల్ గ్యాస్కెట్, వాల్వ్ పెట్టించండి, ఆ పుస్తకంలో తెలుగు పేజీ వేయించండి. పదిహేను రోజులు చూస్తా. తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తా. 5 లక్షల లోపు కేసుకి ఫీజు కూడా లేదట.

పరీక్షకి మూత పంపమన్నారు. పంపను. పోయిందంటే నా దగ్గర సాక్ష్యం ఉండదు. మీ మనిషినే పంపండి, చీపురుపుల్ల నేనే ఇస్తా, ఆయనే పెట్టి చూసుకోవచ్చు. అప్పటిదాకా మా ఇంట్లో పప్పు గిన్నెలోనే ఉడుకుతుంది, అత్తమ్మ కుక్కర్ దగ్గరికి రానంటోంది.

ఇట్లు,
మీ కస్టమర్, నల్లగొండ